కంపించే పునాది నుంచి నేలలో వైబ్రేషన్ వ్యాప్తి: 40 మీటర్ల దగ్గర కూడా ఎందుకు తగ్గడం లేదు?

మీ ప్రశ్న సారాంశం ఇదీ. 1.5 మీటర్ల వ్యాసమున్న గుండ్రటి పునాది, దాని మీద 25 హెర్ట్జ్‌లో నిలువుగా 20 కిలోన్యూటన్ల బలం చూపే యంత్రం. నేలలో షియర్ వేవ్ (మట్టిని అడ్డంగా ఊపుతూ పోయే తరంగం) వేగం సెకనుకు 200 మీటర్లు, సాంద్రత ఘనపు మీటరుకు 1800 కిలోలు, పాయిజన్ నిష్పత్తి (నొక్కితే పక్కలకు ఎంత ఉబ్బుతుందో చెప్పే అంకె) 0.33. 40 మీటర్ల అవతల ఒక ఇల్లు. మీరు 60 మీటర్ల వెడల్పు, 30 మీటర్ల లోతు ఉన్న ప్లేన్ స్ట్రెయిన్ (రెండు కొలతల నిలువుకోత) మోడల్ కట్టారు. అడుగూ పక్కలూ ఫిక్స్ చేశారు, ఎలిమెంట్ సైజు 1.5 మీటర్లు. 15 మీటర్ల దగ్గరా 40 మీటర్ల దగ్గరా కంపన వేగంలో పెద్ద తేడా రాలేదు, మధ్యలో ఎత్తుపల్లాలు కనిపించాయి. డాంపింగ్‌ను 2 శాతం నుంచి 8 శాతానికి పెంచితే గ్రాఫ్ చక్కగా దిగింది. అలా చేయవచ్చా అన్నది ప్రశ్న.

చేయకూడదు. దూరంతో కంపనం తగ్గడానికి రెండు వేర్వేరు కారణాలున్నాయి. ఒకటి, అదే శక్తి పెద్దదవుతూ పోయే వలయంలో పంచుకుపోవడం. రెండోది, మట్టి రేణువుల రాపిడిలో శక్తి వేడిగా మారడం. మీ మోడల్‌లో మొదటిది అసలు లేదు. లేనిదాన్ని రెండోదానితో పూడుస్తున్నారు. గ్రాఫ్ ఒక దూరం దగ్గర సరిపోతుంది, మిగతా అన్ని చోట్లా తప్పుతుంది.

ముందు చేత్తో లెక్క వేద్దాం, సాఫ్ట్‌వేర్ తర్వాత. షియర్ మాడ్యులస్ అంటే సాంద్రత × వేగం వర్గం, 72 మెగాపాస్కల్స్. పాయిజన్ నిష్పత్తి మూడో వంతు అయితే పీ వేవ్ (ముందుకు నొక్కుతూ పోయే తరంగం) వేగం షియర్ వేగానికి సరిగ్గా రెట్టింపు, సెకనుకు 400 మీటర్లు. ఉపరితలం వెంట పోయే రేలీ వేవ్ వేగం షియర్ వేగంలో 0.93 వంతు, సుమారు 186 మీటర్లు. 25 హెర్ట్జ్ దగ్గర దాని తరంగదైర్ఘ్యం 7.5 మీటర్లు. ఈ 7.5 అనే అంకె గుర్తుపెట్టుకోండి, మెష్, బౌండరీ, ట్రెంచ్ (కంపనాన్ని ఆపేందుకు తవ్వే కందకం) అన్నీ దీని మీదే ఆధారపడతాయి.

ఉపరితలం మీద నిలువుగా ఊగే బిందు భారానికి హోరేస్ లాంబ్ 1904లోనే సాధన ఇచ్చాడు. గుండ్రటి భారం నుంచి వెళ్లే శక్తిలో సుమారు 67 శాతం రేలీ వేవ్‌గా, 26 శాతం షియర్ వేవ్‌గా, 7 శాతం పీ వేవ్‌గా పోతుందని 1955లో మిల్లర్, పర్సీ లెక్కకట్టారు (పాయిజన్ నిష్పత్తి 0.25కు). పైగా రేలీ వేవ్ దూరపు వర్గమూలానికి విలోమంగా తగ్గితే, ఉపరితలం దగ్గర పీ, షియర్ వేవ్‌లు దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతాయి. అందుకే ఒకటి రెండు తరంగదైర్ఘ్యాలు దాటాక ఉపరితలం మీద మిగిలేది దాదాపు రేలీ వేవే.

దూరంగా ఉన్నచోట నిలువు స్థానభ్రంశం లెక్క ఇలా: ఒక గుణకం × బలం × రేలీ తరంగ సంఖ్య ÷ (2 × షియర్ మాడ్యులస్), ఆపైన √(2 ÷ (π × తరంగ సంఖ్య × దూరం)). పాయిజన్ నిష్పత్తి 0.25 అయితే గుణకం 0.183, మీ 0.33కు 0.156. తరంగ సంఖ్య అంటే 2π ÷ తరంగదైర్ఘ్యం, ఇక్కడ మీటరుకు 0.842. 10 మీటర్ల దగ్గర 5 మైక్రాన్లు వస్తుంది. భారం బిందువు కాదు, 0.75 మీటర్ల వ్యాసార్ధంలో సమానంగా పరుచుకుంది అనుకుంటే ఇంకో 5 శాతం తగ్గుతుంది. కంపన వేగంలో చెప్పాలంటే 10 మీటర్ల దగ్గర సెకనుకు 0.75 మి.మీ., 20 దగ్గర 0.53, 40 దగ్గర 0.37. ఇది మట్టి డాంపింగ్ ఏమీ లేకుండా.

డాంపింగ్ 2 శాతం కలిపితే ప్రతి మీటరుకూ తగ్గుదల గుణకం = కోణీయ ఫ్రీక్వెన్సీ × డాంపింగ్ నిష్పత్తి ÷ రేలీ వేగం, అంటే 0.017. ఘాతీయంగా గుణిస్తే పై మూడు అంకెలు 0.63, 0.38, 0.19 అవుతాయి. 10 నుంచి 40 మీటర్లకు వెళ్లేసరికి వలయం పెరగడం వల్ల సగం అయింది, మట్టి వల్ల మరో 0.6 వంతు అయింది. రెండింటి వాటా విడివిడిగా కనబడాలి. బోర్నిట్జ్ సూత్రం అని పుస్తకాల్లో ఉండేది ఈ రెండింటి లబ్ధమే. అందులోని తగ్గుదల గుణకాన్ని మట్టికి స్థిరాంకంలా పట్టికలోంచి తీసుకోవడం మామూలు పొరపాటు. అది ఫ్రీక్వెన్సీతో మారుతుంది. ఇదే నేలకు 10 హెర్ట్జ్ దగ్గర 0.0067, 50 దగ్గర 0.034.

ఇప్పుడు మీ మోడల్ ఏం చెబుతోందో చూడండి. ప్లేన్ స్ట్రెయిన్ అంటే కాగితానికి లంబంగా అనంతమైన పొడవు. మీ గుండ్రటి పునాది అక్కడ అంతులేని గోడ పునాది అయిపోయింది, ప్రతి మీటరు పొడవు మీదా 20 కిలోన్యూటన్లు పడుతున్నాయి. అలాంటి గీత భారం నుంచి వచ్చే రేలీ వేవ్‌కు వలయం పెరగడమనేది లేదు కాబట్టి డాంపింగ్ లేకపోతే అది దూరంతో తగ్గదు. లాంబ్ సాధన ప్రకారమే 10 మీటర్ల దగ్గరైనా 40 మీటర్ల దగ్గరైనా వేగం సెకనుకు 6.3 మి.మీ. వస్తుంది. 40 మీటర్ల దగ్గర నిజమైనదానికి ఇది 17 రెట్లు. జర్మన్ ప్రమాణం డిఐఎన్ 4150 మూడో భాగం ప్రకారం స్వల్పకాలిక కంపనాలకు 10 హెర్ట్జ్ లోపు నివాస గృహాల పునాది దగ్గర మార్గదర్శక విలువ సెకనుకు 5 మి.మీ., ఆపైన ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతుంది. అంటే ఏ ఇబ్బందీ లేని ఇంటిని మీ మోడల్ ప్రమాదం అంచున నిలబెడుతోంది. బలాన్ని 1.5తో భాగించి పెట్టినా అంకె మారుతుంది తప్ప వక్రం ఆకారం మారదు. రైలు పట్టా, పొడవైన గోడ వంటివాటికి ప్లేన్ స్ట్రెయిన్ కొంతవరకు నడుస్తుంది. గుండ్రటి, చదరపు పునాదికి నడవదు. యాక్సిసిమెట్రిక్ (నిలువు అక్షం చుట్టూ గుండ్రంగా ఉండే) మోడల్ పెట్టండి. పని అదే, కష్టం అంతే. చుట్టుపక్కల ఇతర పునాదులు, ఒకవైపే ట్రెంచ్ లాంటివి ఉంటేనే త్రీడీ అవసరం.

ఎత్తుపల్లాల సంగతి. వాటి మధ్య దూరం కొలవండి, అది చాలావరకు కారణం చెప్పేస్తుంది. వరుస శిఖరాల మధ్య దూరం 3.7 మీటర్లుంటే, అంటే రేలీ తరంగదైర్ఘ్యంలో సగం, పక్క బౌండరీ నుంచి రేలీ వేవ్ వెనక్కి వచ్చి నిలువు తరంగం కట్టింది. 7.5 మీటర్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే అడుగు నుంచి వెనక్కి వచ్చిన తరంగం మీద అనుమానం పెట్టుకోండి. అయితే ప్రతి ఎత్తుపల్లమూ దోషం కాదు. మూలానికి దగ్గర్లో రేలీ, పీ వేవ్‌లు ఒకదానితో ఒకటి కలిసి సుమారు 14 మీటర్ల అంతరంతో చిన్న అల చూపిస్తాయి. అది నిజమైన భౌతిక విషయమే, దూరం వెళ్లేకొద్దీ త్వరగా చచ్చిపోతుంది.

ఫిక్స్ చేసిన అడుగుతో మీ కేసులో ఫలితం ఎందుకు రాదో కాలం లెక్కలో తేలిపోతుంది. పీ వేవ్ 30 మీటర్లు దిగి వెనక్కి రావడానికి 0.15 సెకను. రేలీ వేవ్ 40 మీటర్లు చేరడానికే 0.21 సెకను. మీకు కావలసిన తరంగం ఇంటి దగ్గరికి చేరకముందే అడుగు నుంచి తిరిగొచ్చిన పీ వేవ్ పునాది కిందికి చేరిపోయింది.

దీనికి రెండు దారులు. మొదటిది మొరటు దారి, కానీ తప్పు పట్టలేనిది: మోడల్‌ను అంత పెద్దది చేయడం. 40 మీటర్ల దగ్గర రేలీ వేవ్ చేరాక మరో 8 సైకిళ్లు చూడాలంటే 0.53 సెకను నడపాలి. ఈలోగా పీ వేవ్ 212 మీటర్లు తిరుగుతుంది. అది బౌండరీని తాకి 40 మీటర్ల బిందువుకు తిరిగి రాకుండా ఉండాలంటే వ్యాసార్ధం 126 మీటర్లు, లోతు 104 మీటర్లు ఉంటే చాలు. 0.6 మీటర్ల ఎలిమెంట్లతో యాక్సిసిమెట్రిక్‌లో సుమారు 36,000 ఎలిమెంట్లు. మామూలు ల్యాప్‌టాప్ దీన్ని మోస్తుంది. బౌండరీ సెట్టింగులతో కుస్తీ పట్టేకంటే ఒక్కసారి ఇలా నడిపి ఆ ఫలితాన్ని కొలబద్దగా దాచుకోవడం మేలు.

రెండో దారి తరంగాన్ని మింగే బౌండరీ. లైస్మర్, కుల్‌మేయర్ 1969లో చెప్పిన డాష్‌పాట్లే (వేగాన్ని అడ్డుకునే డాంపర్లు) చాలా ప్యాకేజీల్లో ఉండేవి: లంబ దిశలో సాంద్రత × పీ వేగం, స్పర్శ దిశలో సాంద్రత × షియర్ వేగం. సూటిగా వచ్చి తగిలే తరంగాన్ని అవి పూర్తిగా మింగుతాయి, ఏటవాలుగా వచ్చేదాన్నీ రేలీ వేవ్‌నూ కొంత వెనక్కి పంపుతాయి. అందుకే ఇంటి బిందువుకు ఆనుకొని బౌండరీ పెట్టకండి, కనీసం ఒకటిన్నర, రెండు తరంగదైర్ఘ్యాల దూరం వదలండి. ఇంకా కావాలంటే బౌండరీ లోపల 10, 12 మీటర్ల మందంలో డాంపింగ్‌ను మెల్లగా పెంచుకుంటూ పోయే పొర పెట్టండి. డాంపింగ్ ఒక్కసారిగా పెరిగితే ఆ అంచు నుంచే తరంగం వెనక్కి తిరుగుతుంది. ఫ్రీక్వెన్సీ డొమైన్‌లో పనిచేస్తుంటే పర్ఫెక్ట్‌లీ మ్యాచ్డ్ లేయర్ అన్నిటికన్నా శుభ్రం.

డాష్‌పాట్లతో ఇంకో చిక్కు. చుట్టూ డాష్‌పాట్లే ఉండి స్ప్రింగ్ ఏదీ లేకపోతే మోడల్ మొత్తం మెల్లగా కిందికి జారుతుంది. స్థానభ్రంశం గ్రాఫ్ వంగిపోయి కనిపిస్తే ఇదే. యంత్రం స్థిర బరువును డైనమిక్ దశలో పెట్టవద్దు, ఫలితం వేగంలో చదవండి.

మెష్ విషయానికి వస్తే, 1.5 మీటర్ల లీనియర్ ఎలిమెంట్ అంటే తరంగదైర్ఘ్యానికి అయిదే వచ్చాయి. అది చాలదు. తరంగం వేగం తప్పుగా వస్తుంది, ఎత్తు కూడా తప్పుతుంది. లీనియర్ అయితే తరంగదైర్ఘ్యానికి 10 నుంచి 12, క్వాడ్రాటిక్ అయితే 5, 6 చాలు. ఇక్కడ 0.6 నుంచి 0.75 మీటర్లు. పునాది కింద మాత్రం తరంగదైర్ఘ్యాన్ని కాదు, పునాది సైజును చూడాలి: వ్యాసార్ధంలో కనీసం నాలుగు ఎలిమెంట్లు, అంటే 0.18 మీటర్లు. అక్కణ్నుంచి మెల్లగా పెంచండి. పక్కపక్క ఎలిమెంట్ల మధ్య పెద్ద తేడా ఉంటే అదీ ఒక నకిలీ బౌండరీయే. నేలలో పొరలుంటే ప్రతి పొరకూ దాని సొంత వేగంతో సైజు లెక్క చూడండి. పైన రెండు మీటర్ల మెత్తటి మట్టి ఉంటే సైజు నిర్ణయించేది అదే.

టైమ్ స్టెప్ ఇంప్లిసిట్ న్యూమార్క్‌కు సైకిల్‌లో 25 వంతు, 0.0016 సెకను సరిపోతుంది. ఎక్స్‌ప్లిసిట్ అయితే అతి చిన్న ఎలిమెంట్‌ను పీ వేవ్ దాటే కాలం కన్నా తక్కువ ఉండాలి: 0.18 ÷ 400, సుమారు 0.00045 సెకను. దృఢత్వంతో ముడిపడిన డాంపింగ్ పెడితే ఈ పరిమితి ఇంకా తగ్గుతుంది. బీటా (ఆ డాంపింగ్ గుణకం) పెంచగానే ఎక్స్‌ప్లిసిట్ రన్ పేలిపోవడానికి కారణం అదే. బలాన్ని మొదటి క్షణం నుంచే పూర్తి సైన్‌గా ఇవ్వకండి, 4, 5 సైకిళ్లలో మెల్లగా పెంచండి. లేకపోతే అన్ని ఫ్రీక్వెన్సీలూ లేచి, శిఖర వేగం చదివేటప్పుడు ఆ తొలి కుదుపునే చదువుతారు.

రేలీ డాంపింగ్ (పేరొకటే, రేలీ వేవ్‌తో సంబంధం లేదు) మీరు 10, 50 హెర్ట్జ్ దగ్గర 2 శాతం వచ్చేలా పెట్టానన్నారు. ఆల్ఫా 2.09, బీటా 0.000106 వస్తాయి. ఈ రెండు ఫ్రీక్వెన్సీల మధ్య వక్రం కిందికి వంగుతుంది కాబట్టి మీ 25 హెర్ట్జ్ దగ్గర మిగిలింది 1.5 శాతమే. ఒకే ఫ్రీక్వెన్సీతో పని ఉన్నప్పుడు ఆల్ఫా = నిష్పత్తి × కోణీయ ఫ్రీక్వెన్సీ (3.14), బీటా = నిష్పత్తి ÷ కోణీయ ఫ్రీక్వెన్సీ (0.000127) పెట్టండి, సరిగ్గా 25 దగ్గర 2 శాతం ఉంటుంది. అసలు స్థిరంగా ఒకే వేగంలో తిరిగే యంత్రానికి టైమ్ డొమైన్ ఎందుకు? ఫ్రీక్వెన్సీ డొమైన్‌లో షియర్ మాడ్యులస్‌ను సంకీర్ణ సంఖ్యగా ఇస్తే ఒక్క సాధనలో అయిపోతుంది. మోర్-కూలుంబ్ (మట్టి తెగిపోయే బలాన్ని చూసే) మోడల్ పెట్టాను కాబట్టి డాంపింగ్ దానంతటదే వస్తుందనుకోవద్దు. ఇంత చిన్న స్ట్రెయిన్‌లో అది పూర్తి ఎలాస్టిక్, ఏ శక్తినీ తినదు.

చిన్న స్ట్రెయిన్ అన్న మాట వచ్చింది కాబట్టి: స్ట్రెయిన్ సుమారుగా కంపన వేగం ÷ షియర్ వేగం. 10 మీటర్ల దగ్గర అది లక్షో వంతులో సుమారు మూడో వంతు. ఇక్కడ కావలసింది అతి చిన్న స్ట్రెయిన్ దగ్గరి దృఢత్వం, యంగ్ మాడ్యులస్‌లో 192 మెగాపాస్కల్స్. కుంగుబాటు లెక్కలకు రిపోర్టులో ఇచ్చే 20, 30 మెగాపాస్కల్స్ పెట్టేస్తే తరంగదైర్ఘ్యం సగం కన్నా తక్కువైపోతుంది, ఆ తర్వాత మెష్ ఎంత బాగున్నా లాభం లేదు. షియర్ వేగాన్ని మాస్వ్ (ఉపరితల తరంగాలతో చేసేది) లేదా క్రాస్‌హోల్ (బోరు నుంచి బోరుకు తరంగం పంపేది) పరీక్షతో కొలిపించండి. అది కుదరకపోతే భారతీయ ప్రమాణం ఐఎస్ 5249లోని బ్లాక్ వైబ్రేషన్ పరీక్ష, 1.5 × 0.75 × 0.7 మీటర్ల కాంక్రీట్ దిమ్మతో చేసేది, యంత్ర పునాదులకు మన దగ్గర అలవాటైన పద్ధతే.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో నీటిమట్టం పైనే ఉంటుంది. నీటితో నిండిన బంకమట్టిలో పీ వేవ్ వేగం సెకనుకు సుమారు 1500 మీటర్లు. షియర్ వేగం 150 అయితే పాయిజన్ నిష్పత్తి 0.495 అవుతుంది. అక్కడ పూర్తి ఇంటిగ్రేషన్ ఉన్న లీనియర్ ఎలిమెంట్లు బిగుసుకుపోయి పునాది అసలు కదలనట్టు చూపిస్తాయి. రెడ్యూస్డ్ ఇంటిగ్రేషన్ లేదా క్వాడ్రాటిక్ వాడండి. తెలంగాణలో చాలాచోట్ల సమస్య ఇంకో రకం: రెండు మూడు మీటర్ల ఎర్రమట్టి, మొరం, దాని కింద గ్రానైట్. పలుచటి మెత్తటి పొర గట్టి రాయి మీద కూర్చుంటే, షియర్ వేగం ÷ (4 × మందం) అనే ఫ్రీక్వెన్సీకి కింద తరంగం దూరం పోలేదు, దాటాక మాత్రం పొరలోనే చిక్కుకొని చాలా దూరం పోతుంది. 3 మీటర్ల మందం, సెకనుకు 150 మీటర్ల వేగం అయితే ఆ గీత 12.5 హెర్ట్జ్ చుట్టుపక్కల. ఇక్కడ హాఫ్ స్పేస్ (అంతులేని ఒకే రకం నేల) సూత్రం పనికిరాదు, పొరల మోడల్ తప్పదు.

యంత్రం బలమే నేల బలం అనుకోవడం ఇంకో పొరపాటు. పునాది కింది నేల స్థిర దృఢత్వం 4 × షియర్ మాడ్యులస్ × వ్యాసార్ధం ÷ (1 − పాయిజన్ నిష్పత్తి), అంటే మీటరుకు 324 మెగాన్యూటన్లు. లైస్మర్ డాష్‌పాట్ ఈ ఫ్రీక్వెన్సీలో దానికి మరో 162 జతచేస్తుంది, 90 డిగ్రీల తేడాతో. దిమ్మ, యంత్రం కలిపి 5 టన్నులుంటే జడత్వం 123 మెగాన్యూటన్ల దృఢత్వాన్ని తినేస్తుంది. ఫలితంగా దిమ్మ 55 మైక్రాన్లకు బదులు 78 మైక్రాన్లు ఊగుతుంది, నేలలోకి దిగేది 20 కాదు, 28 కిలోన్యూటన్లు. పైన నేను ఇచ్చిన వేగాలన్నీ అప్పుడు 1.4 రెట్లు పెరుగుతాయి. మీరు ఇచ్చిన 20 ఏ బలమో డ్రాయింగ్‌లో చూసుకోండి.

కొత్త మోడల్ సిద్ధమయ్యాక ఇల్లూ పొరలూ పెట్టకముందు ఖాళీ నేల మీద డాంపింగ్ సున్నాతో నడిపి మూడు విషయాలు చూడండి. వేగం × √దూరం 20 మీటర్ల తర్వాత దాదాపు స్థిరంగా ఉండాలి. దూరంతో ఫేజ్ మారే వాలు నుంచి తీసిన తరంగ వేగం 186కు ఒకటి రెండు శాతం లోపు రావాలి. అడ్డ దిశ (యంత్రం నుంచి బయటికి పోయే దిశ) కంపనం నిలువు కంపనంలో 0.64 వంతు ఉండి, దానికి 90 డిగ్రీల తేడాలో ఉండాలి. ఈ మూడోది చాలామంది చూడరు. బౌండరీ నుంచి వచ్చే చిన్న ప్రతిఫలనాన్ని అన్నిటికన్నా ముందు పట్టిచ్చేది అదే. 40 మీటర్ల దగ్గర 0.37 వచ్చాకే 2 శాతం డాంపింగ్ పెట్టి 0.19 వస్తుందేమో చూడండి.

స్థలంలో కొలతలు తీయగలిగితే 5, 10, 20, 40 మీటర్ల దగ్గర జియోఫోన్లు (నేల కంపన వేగం కొలిచే పరికరాలు) పెట్టండి. గడ్డి మీద, టైల్స్ మీద కాదు, మేకు మట్టిలో గట్టిగా దిగాలి. డాంపింగ్‌ను 10 మీటర్ల అవతలి కొలతల నుంచే సరిచూసుకోండి, 5 మీటర్ల దగ్గర రేలీ వేవ్ ఇంకా విడిగా తేలదు. ఇంట్లోని కొలతను నేల కొలతతో కలపకండి. పునాది కొంత తగ్గిస్తుంది, స్లాబ్ సహజ ఫ్రీక్వెన్సీ 25 దగ్గరుంటే అక్కడ పెరుగుతుంది. అది వేరే లెక్క.

చివర్లో ట్రెంచ్ తవ్వితే ఎంత తగ్గుతుందని కూడా అడిగారు. వుడ్స్ 1968 ప్రయోగాల ప్రకారం కంపనాన్ని నాలుగో వంతుకు దించాలంటే యంత్రం చుట్టూ తవ్వే ఖాళీ ట్రెంచ్ లోతు రేలీ తరంగదైర్ఘ్యంలో 0.6 వంతు ఉండాలి, మీకు 4.5 మీటర్లు. ఇంటి దగ్గర తవ్వితే 1.33 వంతు, 10 మీటర్లు. 10 మీటర్ల ఖాళీ ట్రెంచ్ నిలబడదు, నీళ్లూ నిండుతాయి. పైగా 0.19 మి.మీ. దగ్గర, జడత్వం కలుపుకొని 0.27 దగ్గరైనా, ట్రెంచ్ అవసరమే లేదు.